పురుగుమందులు, మగవారి సంతానశక్తి, మొక్కల యాంటీఆక్సిడెంట్లు

పురుగుమందుల వల్ల మగవారి సంతానశక్తికి కలిగే నష్టాన్ని మొక్కల్లో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్లతో అడ్డుకోవచ్చా అన్నది విషశాస్త్రంలో కొన్ని దశాబ్దాలుగా విరివిగా పరిశోధన సాగుతున్న అంశం. పసుపులోని కర్క్యుమిన్, ఉల్లిపాయలోని క్వెర్సిటిన్, టమాటాలోని లైకోపీన్, తేయాకులోని కేటెచిన్లు, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్, దానిమ్మలోని ఎలాజిక్ ఆమ్లం, ఇంకా విటమిన్ సి, విటమిన్ ఇ ఈ పరిశోధనల్లో తరచూ కనబడే పేర్లు. ఎలుకల్లో జరిగిన ప్రయోగాలు చాలావరకు అనుకూలంగానే తేలాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి వేరు. మందు కొట్టే రైతుకో, మందుల ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుడికో ఈ పదార్థాలిచ్చి, ఇవ్వనివారితో పోల్చి చూసిన చెప్పుకోదగ్గ పరీక్షలు లేవు. కనుక ఎలుకల ఫలితాన్ని మనిషికి మందుచీటీగా చదువుకోకూడదు.

నష్టం బయటపడిన తీరు

పురుగుమందుకూ మగవారి సంతానలేమికీ ఉన్న సంబంధం నిర్వివాదంగా తేలింది 1977లో. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాథ్రోప్‌లో ఒక రసాయన కర్మాగారం డి.బి.సి.పి. అనే నులిపురుగుల మందు తయారుచేసేది. అక్కడి మగ కార్మికులు తమలో తాము మాట్లాడుకుంటూ, ఆ విభాగంలో చేరాక తమకెవరికీ పిల్లలు పుట్టడం లేదని గుర్తించారు. డోనాల్డ్ వోర్టన్ అనే వైద్యుడి బృందం వారి వీర్యాన్ని పరీక్షించి, అదే ఏడాది లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. పలువురి వీర్యంలో శుక్రకణాలే లేవు. మిల్లీలీటరుకు పది లక్షల కంటే తక్కువ కణాలున్నవారు కనీసం 3 సంవత్సరాలు ఆ మందు మధ్య పనిచేసినవారు. 4 కోట్లకు పైన ఉన్నవారు అక్కడ గడిపింది 3 నెలలకు మించలేదు. నిజానికి ఈ మందు జంతువుల వృషణాలను కుంచించుకుపోయేలా చేస్తుందని 1961లోనే అచ్చయింది. ఆ సంగతి తెలిసీ పదహారేళ్లపాటు దాన్ని మనుషులచేత కలిపించారు. 1979లో అమెరికా ప్రధాన భూభాగంలో దీన్ని ఆపేశారు. హవాయి అనాస తోటల్లో మాత్రం 1985 దాకా వాడారు. కోస్టారికా, నికరాగ్వా అరటితోటల కూలీలు దీని మీద దశాబ్దాల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

తెలుగునేల మీద ఈ ప్రశ్న వేసినవారు ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థ పరిశోధకులు. పత్తి చేలలో స్వయంగా మందు కలిపి పిచికారీ చేసే మగవారి కుటుంబాలను, అలాంటి పని లేని కుటుంబాలను, ఒక్కో వైపు వెయ్యికి పైగా జంటలను పరిశీలించి 1991లో ఫలితాలు ప్రచురించారు. మందు కొట్టేవారిలో సంతానం కలిగినవారి శాతం తగ్గింది. వారి భార్యలకు గర్భస్రావాలు, మృతశిశు జననాలు ఎక్కువయ్యాయి. మందు తాకింది భర్తను, నష్టం కనిపించింది భార్య కడుపులో. సంతానం నిలవకపోతే ముందు ఆడమనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే మన అలవాటుకు ఈ అధ్యయనం గట్టి జవాబు. రావలసినంత పేరు దీనికి రాలేదు.

కేరళలోని కాసరగోడు జిల్లాది ఇంకో రకం కథ. అక్కడి జీడిమామిడి తోటల మీద ఇరవై ఏళ్లకు పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు ఆ ప్రాంతంలోని 117 మంది మగపిల్లలను, వేరే ఊరి 90 మందితో పోల్చి 2003లో నివేదిక ఇచ్చారు. మందు ప్రభావంలో పెరిగిన పిల్లల్లో యుక్తవయసు లక్షణాలు ఆలస్యమయ్యాయి, టెస్టోస్టిరాన్ తక్కువగా ఉంది. 2011 మేలో సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను ఆపించింది.

ఇప్పుడు వాడుకలో ఉన్న మందుల సంగతికొస్తే, ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ రకాల మీద దాదాపు యాభై ఏళ్లలో వచ్చిన 25 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2023లో ఒక సమీక్ష వెలువడింది. ఇవి ఎక్కువగా తగిలిన మగవారిలో శుక్రకణాల సాంద్రత తక్కువగా ఉందని అందులో తేలింది. ప్రపంచవ్యాప్తంగా శుక్రకణాలు తగ్గిపోతున్నాయన్న వాదన వేరే విషయం. దానికి కారణం పురుగుమందులేనని ఎవరూ నిరూపించలేదు.

ఒంట్లోకి వెళ్లే దారి

పురుగుమందు అనగానే ముక్కూ నోరూ గుర్తుకొస్తాయి. రైతు ముఖానికి తువ్వాలు చుట్టుకుంటాడు. అసలు ఎక్కువగా పట్టేది చర్మం గుండానే. వీపున మోసే ట్యాంకు మూత వదులైతే మందు వీపు మీదుగా నడుము దాకా కారుతుంది. ఏపుగా పెరిగిన పత్తిలోనో, మిర్చిలోనో నడుస్తుంటే తడిసిన ఆకులు తొడలకు రాసుకుంటాయి. లుంగీ, నిక్కరు తడిసి ఒంటికి అంటుకుంటాయి; పని ముగిసేదాకా అవే బట్టలు.

1971లో మైబాక్ అనే పరిశోధకుడి బృందం పారాథియాన్ అనే మందును మనుషుల ఒంటిమీద వేర్వేరు చోట్ల పూసి ఎంత లోపలికి పోతుందో కొలిచింది. ముంజేతి చర్మం గుండా పోయింది సుమారు 8.6 శాతం. అరచేతి గుండా 12 శాతానికి దగ్గర. వృషణాల సంచి చర్మం మాత్రం పూసినదాన్ని దాదాపు మొత్తంగా పీల్చేసుకుంది. ఒంట్లో బాగా పల్చటి చర్మాల్లో అదొకటి, దాని వెనకే మందు దెబ్బ తగలకూడని అవయవం. సంతానశక్తి దృష్ట్యా మూతిగుడ్డ కన్నా మందు దిగని ప్యాంటు, కారని ట్యాంకు ఎక్కువ మేలు చేస్తాయి.

వృషణంలో జరిగేది

శుక్రకణం తయారీకి సుమారు 74 రోజులు పడుతుంది. తర్వాత రెండు వారాల దాకా ఎపిడిడిమిస్ అనే సన్నటి గొట్టంలో ప్రయాణిస్తూ పరిపక్వమవుతుంది. ఇంత సుదీర్ఘమైన తయారీలో పురుగుమందు ఏ దశనైనా చెడగొట్టగలదు.

మొదటిది ఆక్సీకరణ ఒత్తిడి. కణాలు ఆక్సిజన్ వాడుకునే క్రమంలో చురుకైన ఆక్సిజన్ అణువులు, ఫ్రీ రాడికల్స్ కొన్ని పుడుతూనే ఉంటాయి. వాటిని గ్లూటాథయోన్, కెటలేజ్, సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ వంటి సొంత రక్షకాలు అణచివేస్తాయి. క్లోర్‌పైరిఫాస్ లాంటి మందును కాలేయంలోని ఎంజైములు విరగ్గొట్టే క్రమంలోనూ, పైరెత్రాయిడ్ రకం మందులు మైటోకాండ్రియాను ఇబ్బంది పెట్టినప్పుడూ ఈ అణువుల ఉత్పత్తి పెరిగి, గ్లూటాథయోన్ ఖర్చైపోతుంది. శుక్రకణం దీనికి సులువుగా లొంగిపోతుంది. దాని పొరలో డి.హెచ్.ఎ. వంటి బహుళ అసంతృప్త కొవ్వులు చాలా ఎక్కువ. తోక చురుగ్గా ఆడాలంటే పొర మెత్తగా ఉండాలి, ఆ మెత్తదనం ఈ కొవ్వుల వల్లే. ఆక్సీకరణకు మొదట పాడయ్యేదీ ఇవే. పైగా శుక్రకణం పరిపక్వమయ్యేటప్పుడు తన కణద్రవ్యాన్ని దాదాపు వదిలేస్తుంది, దాంతోపాటు రక్షక ఎంజైములూ పోతాయి. డి.ఎన్.ఎ.కు జరిగిన నష్టాన్ని బాగుచేసుకునే శక్తీ దానికి మిగలదు. అందుకే దాన్ని కాపాడవలసిన భారం చుట్టూ ఉన్న వీర్యద్రవం మీద పడుతుంది. రక్తంలో కన్నా ఆ ద్రవంలో విటమిన్ సి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేది ఇందుకే. ఆక్సిజన్ ఎక్కువైతే శుక్రకణాల కదలిక చచ్చిపోతుందని, కెటలేజ్ ఎంజైము వాటిని కాపాడుతుందని జాన్ మెక్లియోడ్ అనే పరిశోధకుడు 1943లోనే చూపించాడు.

రెండోది హార్మోన్ల దెబ్బ. టెస్టోస్టిరాన్ తయారయ్యేది లేడిగ్ కణాల్లో. దానికి ముడిసరుకు కొలెస్ట్రాల్. కొలెస్ట్రాల్‌ను మైటోకాండ్రియాలోకి చేరవేసే ప్రోటీనును, ఆ తర్వాతి మెట్లలో పనిచేసే ఎంజైములను కొన్ని మందులు తగ్గిస్తాయి. డి.డి.టి. ఒంట్లో మారగా వచ్చే డి.డి.ఇ. మరో పని చేస్తుంది: టెస్టోస్టిరాన్ కూర్చోవలసిన గ్రాహకం మీద తాను కూర్చుంటుంది. 1995లో నేచర్ పత్రికలో ఇది వెలువడింది. విన్‌క్లోజోలిన్ అనే శిలీంధ్రనాశిని పనితీరూ ఇలాంటిదే.

మూడోది మూలకణాల నాశనం. డి.బి.సి.పి. చేసింది ఇదే. శుక్రకణాలకు తల్లివేరైన స్పెర్మటోగోనియా చచ్చిపోతే ఉత్పత్తి మొదలే కాదు.

ఈ మూడింటిలో యాంటీఆక్సిడెంటు నేరుగా పనిచేయగలిగేది మొదటిదాని మీద. రెండోదానిలో ఆక్సీకరణ వల్ల ఎంజైములు దెబ్బతిన్నంత మేరకు సాయం చేయవచ్చు. గ్రాహకం మీద కూర్చున్న డి.డి.ఇ.ని దించే శక్తి ఉల్లిపాయకూ లేదు, ఉసిరికాయకూ లేదు. మొక్కల సారాల మీద వచ్చే పరిశోధన పత్రాల శీర్షికల్లో ఈ తేడా చాలాసార్లు మాయమవుతుంది.

మొక్కల పదార్థాలు పనిచేసే తీరు

ఫ్రీ రాడికల్స్‌ను కర్క్యుమిన్, క్వెర్సిటిన్ వంటి పాలీఫినాల్స్ పట్టుకుని తుడిచేస్తాయన్నది పాత వివరణ. పరీక్షనాళికలో అది నిజమే. ఒంట్లో మాత్రం కర్క్యుమిన్, క్వెర్సిటిన్ రక్తంలోకి చేరేది బహు స్వల్పం. చేరినదాన్ని కాలేయం వెంటనే మార్చేస్తుంది. అంత కొద్ది మోతాదు నేరుగా తుడిచేది పెద్దగా ఉండదు. ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తున్న వివరణ వేరు. కణంలో ఎన్.ఆర్.ఎఫ్.2 అనే ప్రోటీనును కీప్1 అనే మరో ప్రోటీను పట్టి ఉంచుతుంది. మొక్కలోని ఘాటైన పదార్థాలు కీప్1ను కదిలించగానే ఎన్.ఆర్.ఎఫ్.2 విడుదలై కేంద్రకంలోకి వెళ్లి గ్లూటాథయోన్ తదితర సొంత రక్షకాల ఉత్పత్తిని పెంచుతుంది. అంటే మొక్క పదార్థం కణానికి చిన్నపాటి చురక, ఆ చురకకు కణం తన రక్షణను తానే పెంచుకుంటుంది. విటమిన్ సి, విటమిన్ ఇ మాత్రం నేరుగానే పనిచేస్తాయి: ఇ పొరలోని కొవ్వులను కాస్తుంది, ఖర్చైన ఇ ని సి మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది.

ఎలుకల ప్రయోగాల తీరు దాదాపు ఒకటే. ఒక గుంపుకు ఏమీ ఇవ్వరు, ఒకదానికి పురుగుమందు, ఒకదానికి యాంటీఆక్సిడెంటు, మరోదానికి రెండూ ఇస్తారు. నాలుగు నుంచి ఎనిమిది వారాల తర్వాత వృషణాల బరువు, శుక్రకణాల సంఖ్య, కదలిక, టెస్టోస్టిరాన్, కొవ్వు పాడైనట్టు చెప్పే మాలోన్‌డైఆల్డిహైడ్ కొలుస్తారు. తుర్కియేలో 2009లో జరిగిన ఒక ప్రయోగం మంచి ఉదాహరణ. మాలాథియాన్ ఇచ్చిన ఎలుకల్లో శుక్రకణాలు, హార్మోన్లు తగ్గాయి, శుక్రోత్పాదక నాళికల్లో కణాలు చచ్చి వాపు వచ్చింది. విటమిన్ సి, ఇ కలిపి ఇచ్చిన గుంపులో శుక్రకణాలకు జరిగే నష్టం తగ్గింది. అయితే నాలుగు వారాల తర్వాత కూడా ఆ గుంపు మామూలు ఎలుకల స్థాయికి రాలేదు. ఈ రంగంలోని నిజాయితీ గల ఫలితాలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి: మేలు ఉంది, కానీ సగమే. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు సరస్వతి ఆకు మీద చేసిన పని కూడా ఈ కోవలోదే, కాకపోతే వారు వాడిన విషం పురుగుమందు కాదు, సీసం.

ఎలుకల ఫలితాలు చదివేటప్పుడు రెండు సంగతులు చూడాలి. చాలా ప్రయోగాల్లో యాంటీఆక్సిడెంటును మందుతోపాటే, లేదా అంతకుముందే ఇస్తారు. రైతు విషయంలో మందు ముందు తగులుతుంది, అనుమానం పిల్లలు పుట్టకపోయాక వస్తుంది. రెండోది మోతాదు. ఎలుకకు కిలో బరువుకు 100 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ ఇవ్వడం మామూలు. శరీర ఉపరితలం లెక్కన మనిషికి మార్చాలంటే దాన్ని సుమారు 6తో భాగించాలి. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు ఒక గ్రాము కర్క్యుమిన్ కావాలి. వంటింటి పసుపులో కర్క్యుమిన్ ఉండేది 3 శాతం అటూఇటూ. అంటే రోజుకు ముప్ఫై గ్రాములకు పైగా పసుపు తినాలి. పప్పులో చిటికెడు పసుపు వేసుకుని పురుగుమందు నుంచి రక్షణ పొందామనుకోవడానికి ఈ ప్రయోగాలు ఆధారం కావు.

మనుషుల్లో పరీక్షలు

మనుషుల మీద జరిగినవి దాదాపు అన్నీ కారణం తెలియని సంతానలేమి ఉన్నవారి మీదో, ఆరోగ్యవంతుల మీదో. పురుగుమందు తగిలినవారిని వేరుచేసి చూసినవి కావు.

ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 30 మందికి మూడు నెలలు రోజుకు రెండుసార్లు 2 మిల్లీగ్రాముల చొప్పున లైకోపీన్ ఇచ్చి, 20 మందిలో శుక్రకణాల సాంద్రత మెరుగుపడిందని 2002లో రాశారు. పోల్చడానికి మరో గుంపు లేదు. లక్నో వైద్య విశ్వవిద్యాలయంలో దూలగొండి గింజల పొడి, అశ్వగంధ వేరు పొడి రోజుకు 5 గ్రాముల చొప్పున ఇచ్చి 2009, 2010లలో మంచి ఫలితాలు చెప్పారు. అక్కడా ఉత్తుత్తి మందు తీసుకున్న గుంపు లేదు. వీర్యపరీక్ష అంకెలు వారం వారం తమంతట తామే పెరిగి తగ్గుతుంటాయి, కాబట్టి పోలిక లేని మెరుగుదల ఎంతవరకు మందుదో చెప్పలేం. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 60 మంది ఆరోగ్యవంతులతో పోలిక గుంపు పెట్టి చేసిన పరీక్షలో, 14 మిల్లీగ్రాముల లైకోపీన్ 12 వారాలు వాడినా కదిలే శుక్రకణాల సాంద్రత మారలేదు. ఆకృతి మాత్రం మెరుగుపడింది. గోలీలు కాక తిండి పెట్టి చూసినవాటిలో అక్రోటు గింజల పరీక్ష చెప్పుకోదగ్గది: 117 మందిలో సగానికి రోజుకు 75 గ్రాములు 12 వారాలు ఇస్తే కదలిక, ఆకృతి కొంత మెరుగయ్యాయి.

అతిపెద్ద పరీక్ష ఫలితం నిరాశపరిచింది. అమెరికాలో 2,370 జంటలతో జరిగిన పరీక్షలో మగవారికి జింకు, ఫోలిక్ ఆమ్లం ఆరు నెలలు ఇచ్చారు. 2020లో వచ్చిన ఫలితం: ఇచ్చినవారిలో 34 శాతం జంటలకు పిల్లలు పుట్టారు, ఇవ్వనివారిలో 35 శాతానికి. వాడినవారిలో శుక్రకణాల డి.ఎన్.ఎ. ముక్కలవడం కాస్త ఎక్కువగానే ఉంది. అదే ఏడాది విటమిన్ సి, ఇ, సెలీనియం, లైకోపీన్ వగైరా కలిపిన గోలీతో 170 మందికి పైగా మగవారి మీద చేసిన మరో పరీక్షా మేలు చూపలేదు. 2022 నాటి కోక్రేన్ సంస్థ సమీక్ష 90 అధ్యయనాలు, పదివేలకు పైగా మగవారి వివరాలు పరిశీలించి, ప్రయోజనం ఉండవచ్చు గాని ఆధారం బలహీనమని తేల్చింది. మందుల షాపులో నెలకు వేల రూపాయలకు అమ్మే డబ్బాల మీద ఈ మాట కనబడదు.

అతిగా వాడితే నష్టమూ ఉంది. శుక్రకణం అండంలోకి చొరబడే ముందు పొందే మార్పులకు కొద్దిపాటి చురుకైన ఆక్సిజన్ అవసరం. దాన్ని పూర్తిగా అణచేస్తే శుక్రకణం అసలు పనికే ఆటంకం. లోటు ఉన్నప్పుడు మాత్రం భర్తీ చేయడం వల్ల లాభం స్పష్టం: రోజుకు 250 మిల్లీగ్రాముల విటమిన్ సి తినేవారికి దాన్ని 5కు తగ్గించగానే శుక్రకణాల డి.ఎన్.ఎ.లో ఆక్సీకరణ నష్టం 91 శాతం పెరిగిందని 1991లో ఒక అధ్యయనం చూపింది. మంచి జామకాయ ఒక్కటి తింటే ఆ పూట లోటు తీరుతుంది.

పండు, దాని మీద మందు

యాంటీఆక్సిడెంట్లకు పండ్లూ కూరగాయలే ఆధారం, పురుగుమందు అవశేషాలు నోటికి చేరేదీ వాటితోనే. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి సంతాన చికిత్స కేంద్రానికి వచ్చిన 155 మంది మగవారి తిండి వివరాలు తీసుకుని, అమెరికా వ్యవసాయ శాఖ అవశేషాల లెక్కలతో కలిపి చూసిన అధ్యయనం 2015లో వచ్చింది. మొత్తం పండ్లు, కూరలు ఎంత తిన్నారన్నదానికీ వీర్యానికీ సంబంధం కనబడలేదు. అవశేషాలు ఎక్కువుండే రకాలను బాగా తిన్నవారిలో మాత్రం, తక్కువ తిన్నవారికన్నా మొత్తం శుక్రకణాలు 49 శాతం, సరైన ఆకృతి గలవి 32 శాతం తక్కువ. ఇది తిండి జాబితాల మీద వేసిన అంచనా, ఒంట్లో మందును కొలిచింది కాదు. అయినా పండ్లు తింటే చాలుననే సలహాలో లోపం ఎక్కడుందో ఇది చూపుతుంది. కడగడం వల్ల పై మందు కొంత పోతుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క రసంలోనే ప్రవహిస్తాయి, కనుక ఎంత కడిగినా పూర్తిగా పోవు. తొక్క తీస్తే కొంత తగ్గుతుంది, కానీ పాలీఫినాల్స్ ఎక్కువగా ఉండేది తొక్కలోనే.

మొక్కలన్నీ మేలు చేయవు

పత్తి గింజలో గాసిపాల్ అనే పాలీఫినాల్ ఉంటుంది. ముడి పత్తిగింజల నూనె వాడిన ఊళ్లలో పిల్లలు పుట్టడం తగ్గిందని గమనించిన చైనా వైద్యులు, 1970లలో దాన్ని మగవారి గర్భనిరోధక మాత్రగా ఎనిమిది వేలమందికి పైగా ఇచ్చి చూశారు. శుక్రకణాలు బాగానే తగ్గాయి. కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయింది, కొందరికి మాత్ర మానేశాక కూడా సంతానశక్తి తిరిగి రాలేదు. దాంతో ఆ ప్రయత్నం వదిలేశారు. వేపనూనెకు శుక్రకణాలను చంపే గుణముంది, వేపాకు సారాలు ఎలుకల్లో శుక్రకణాలను తగ్గించాయి. ఆ వేపాకు సారంలోనూ యాంటీఆక్సిడెంట్లు దండిగానే ఉంటాయి. అశ్వగంధ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు పలు దేశాల వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

కోలుకోవడం

మందు తగలడం ఆగాక వీర్యం మెరుగుపడిందో లేదో తెలియాలంటే కనీసం మూడు నెలలు ఆగి పరీక్షించాలి, ఎందుకంటే అంతకుముందు వచ్చే కణాలన్నీ పాత తయారీవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల శుక్రకణాలు, 42 శాతం కదలిక కనీస ప్రామాణికాలు. మూలకణాలు బతికి ఉంటే తయారీ మళ్లీ ఊపందుకుంటుంది, ఈ దశలో తిండిలోని యాంటీఆక్సిడెంట్లు సాయం చేయవచ్చు. అవి చచ్చిపోతే పిట్యూటరీ గ్రంథి ఖాళీ వృషణాన్ని పనికి పురికొల్పాలని ఎఫ్.ఎస్.హెచ్. హార్మోనును పెంచుతూ పోతుంది. రక్తపరీక్షలో ఆ అంకె ఎక్కువగా కనబడుతుంది. ఇజ్రాయెల్‌లో డి.బి.సి.పి. తగిలిన 15 మంది కార్మికులను 17 ఏళ్లపాటు గమనించిన నివేదిక 1995లో వచ్చింది. శుక్రకణాలు అసలే లేని 9 మందిలో ముగ్గురికి, తక్కువున్న 6 మందిలో ముగ్గురికి 36 నుంచి 45 నెలల లోపు సంఖ్య కోలుకుంది. ఆ గడువు దాటాక మిగతావారిలో ఎలాంటి మెరుగుదలా కనబడలేదు.